నాంచారు ముడి

కూచోండి అందరూ. అరుగు మీద చోటుంది, అరుగు కింద చోటుంది, పందిట్లో కూడా బోలెడు చోటుంది. లోపల మాత్రం చోటు లేదు. లోపల ఉండాల్సినవాళ్ళు లోపల ఉన్నారు. కేకేస్తే పలకని ఊరు ఇవాళ పిలవకుండానే ఈ గడప ముందుకి ఎలా వచ్చిపడిందో నాకు అర్థం కాదు. ఆ తలుపు సందులోంచి చూడకు తల్లీ, నిన్నే. ఇటు రా. పిల్ల నొప్పులు పడుతుంటే చూడ్డానికి అదేమన్నా తోలుబొమ్మలాటా? వచ్చి కూచో, కథ చెబుతా.

అనగనగనగా, మగ్గం చప్పుడుతో పొద్దు పొడిచి మగ్గం చప్పుడుతో పొద్దుగూకే రోజుల్లో, ఆసులపాలెం అని ఒక ఊరుండేది. ఇంటింటికీ మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు దించుకుని కూచుని నేసే గుంట మగ్గం. మగవాళ్ళు నేసేవాళ్ళు. ఆడవాళ్ళు నూలు తోడేవాళ్ళు, మగ్గం మీది నిలువు పోగులు, అదే పడుగు, అతికేవాళ్ళు. అవేవీ చేసే ఓపిక లేనివాళ్ళు మూల కూచుని రాట్నం తిప్పి కండెలు చుట్టేవాళ్ళు. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టానికి నూలు చుడితే అది కండె. ఊళ్ళో అంతకన్నా చిన్న పని లేదు.

ఆ ఊళ్ళో కండెలు చుట్టుకుని బతికే ఒకామె ఉండేది. పేరు నాంచారు. లావుగా ఉండేది, మోకాళ్ళ నొప్పులు. మొగుడు ఎప్పుడో పోయాడు. వయసులో ఉన్నప్పుడు ఒక కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఆ సంగతి ఎవరన్నా కదిలిస్తే ఎక్కువ చెప్పేది కాదు. "గది నిండా జనమే. నా వెనక మాత్రం గోడ ఉంది, చల్లగా" అనేది. అంతే, మళ్ళీ రాట్నం తిప్పుకునేది.

ఊరంతా ఆమెను నాంచారత్త అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు కథ చెప్పేవాళ్ళు కొందరు ఆమెను చల్లని తల్లి అంటారు, నోట్లో మాట బయటికి రానిది అంటారు. నాకు వింటేనే చిరాకు. నాంచారుకి నోరుంది, కోపం ఉంది, ఓపిక అసలు లేదు. కండె జారితే నూలుని తిట్టేది. కోడి గింజలు తింటే కోడి పుట్టింటివాళ్ళని కూడా తిట్టేది. ఆమెకున్న ఓపికంతా ఒక్క చోటే ఖర్చుపెట్టేది. నొప్పులు పడే ఆడపిల్ల దగ్గర.

ఆమె మంత్రసాని కాదు. మంత్రసాని వేరే ఉంది, రోశమ్మ అని. బిడ్డను పట్టేది, బొడ్డు కోసేది, ముందువైపు పనంతా రోశమ్మదే. నాంచారు ముందువైపుకి వచ్చేదే కాదు. గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూచునేది. ఆ కాళ్ళ మధ్య నొప్పులు పడే పిల్ల కూచుని, వీపు నాంచారు గుండెలకి ఆనించేది. నొప్పి వచ్చినప్పుడు నాంచారు రెండు అరచేతులతో పిల్ల నడుముని గట్టిగా అదిమేది. నొప్పి పోయినప్పుడు నుదురు తుడిచేది, పెదాలు తడిపేది. చెవిలో ఒకే మాట చెప్పేది.

"నేనున్నా. ఎక్కడికీ పోను."

అంతే. మంత్రం లేదు, మందు లేదు. ఊళ్ళోవాళ్ళకి అదే అర్థమయ్యేది కాదు.

"ఇంతకీ నువ్వేం చేస్తావు నాంచారత్తా?" అని అడిగేవాళ్ళు.

"ఏం చెయ్యను. వెనక కూచుంటా."

మొగుడు లేనిది, బిడ్డ దక్కనిది పురిటింటికి ఎందుకని గొణిగేవాళ్ళు గొణిగారు. వాళ్ళింట్లో నొప్పులు మొదలైతే వాళ్ళే ముందు పరిగెత్తుకొచ్చారు. అది మామూలే కదా.

సరే. మొదటి సంగతి కోటమ్మ పురుడు.

కోటమ్మ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. నాంచారు వెళ్ళేసరికి గదిలో కోటమ్మ తల్లి ఉంది, పిన్ని ఉంది, అమ్మమ్మ ఉంది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, ఎవరింటివాళ్ళో తెలియనివాళ్ళు కూడా ఉన్నారు. తల్లి పడుకోమంటుంది. పిన్ని లేచి నడవమంటుంది. అమ్మమ్మ ఊపిరి బిగబట్టి ముక్కమంటుంది. ఆ పిల్ల పడుకోబోతే పిన్ని లేపుతుంది, లేవబోతే తల్లి కూలేస్తుంది. మధ్యలో పక్కింటావిడ, తన మేనకోడలు పురిట్లో ఎలా పోయిందో కళ్ళకి కట్టినట్టు చెబుతోంది. ఇట్లాంటి కబుర్లు చెప్పడానికి వేరే చోటు దొరకదు కాబోలు. కోటమ్మ వణికిపోతోంది. రోశమ్మకి చెయ్యి చాపడానికి సందు లేదు.

నాంచారు మర్యాదగా చెప్పింది. "కాస్త గాలి రానియ్యండమ్మా." ఎవరూ కదల్లేదు.

నాంచారు బతిమాలి చెప్పింది. "పిల్ల బెదిరిపోతంది, కాసేపు బయట కూచోండమ్మా." ఎవరూ కదల్లేదు.

నాంచారు అరిచి చెప్పింది. "బయటికి పోండి!" దానికి వాళ్ళు, "పరాయిదానివి నువ్వుంటే, కన్నవాళ్ళం మేం పోవాలా?" అని ఇంకా దగ్గరికి జరిగారు.

నాంచారుకి ఒళ్ళు మండింది. ఎదురుగా గుంజకి ఒక తాడు కట్టి ఉంది, దానికి గట్టి ముడి ఉంది. దాని మీద ఆమె కన్ను పడింది.

"అదేంది?" అంది.

"తాడు" అంది అమ్మమ్మ.

"తాడు కాదు, దానికున్న ముడేంది? ఇంట్లో ముడులన్నీ అట్టా బిగించి పెట్టుకుని బిడ్డ రాలేదంటే యాడనుంచి వచ్చుద్ది? ఇంట్లో ముడి బిగిసి ఉంటే లోపల బిడ్డకి దారి బిగుసుకోదా? ఆ మాత్రం తెలవదా పెద్దోళ్ళకి? పోండి. ఇల్లంతా గాలించి, ఒక్క ముడి లేకుండా విప్పి రండి!"

అప్పుడు చూడాలి. ఇందాక మర్యాదగా చెబితే కదలనివాళ్ళు, బతిమాలితే కదలనివాళ్ళు, ముడి అనేసరికి తలుపు పట్టనట్టు బయటికి తోసుకుపోయారు. పిన్ని తాళ్ళు విప్పింది. తల్లి మూటలు విప్పింది. అమ్మమ్మ తన జుట్టుముడి విప్పుకుని, ముసలాయన పిలకముడి కూడా విప్పింది. గదిలో ఎవరూ లేరు. నాంచారు గోడకి ఆనుకుని కాళ్ళు చాపింది.

"రా తల్లీ. ఇంక అరిచేవాళ్ళు లేరు. నువ్వు అరుచుకో."

కోటమ్మ ఆమె మీద వాలి, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది. అటుపైన కోటమ్మ ఒళ్ళు తన పని తాను చేసుకుంది. అమ్మమ్మ పెరట్లో పాదుకి కట్టిన ఆఖరి ముడి విప్పుతుంటే లోపల బిడ్డ కేరుమంది.

"చూశారా! ముడి విప్పగానే!" అని ఊరంతా గగ్గోలు.

నాంచారు లోపల తిమ్మిరెక్కిన కాళ్ళు పిసుక్కుంటూ అది విన్నది. నవ్వుకుంది. పోనీలే, అనుకుంది. ఆమె జీవితంలో చేసిన పొరపాటు అదే. అప్పుడే బయటికొచ్చి నాలుగు తిట్టి ఉంటే నాకు ఇవాళ ఈ కథ చెప్పే బాధ తప్పేది.

అల్లుడుగారూ, కాస్త ఆ ఏడుపు ఆపండి. లోపలికి వినపడుతుంది. నొప్పులు మీకు రావట్లేదు.

రెండో సంగతి లింగమ్మ పురుడు.

ఈసారి నాంచారు వెళ్ళేసరికి ఆ ఇంట్లో ముడి అన్నది లేదు. కబురు ముందే పాకిపోయింది. ఆవు పలుపు విప్పేశారు, అది కరణంగారి తోటలో మేస్తోంది. బావి చేద తాడు విప్పేశారు, చేద బావిలో ఉంది. అన్నీ విప్పేసి, ఆ ఇంటివాళ్ళంతా పని పూర్తయిందన్న తృప్తితో వచ్చి ఎక్కడ కూచున్నారు? పురిటి గదిలో.

"ముడులన్నీ విప్పేశాం నాంచారత్తా! నువ్వు రాకముందే!" అన్నారు.

నాంచారు నుదురు కొట్టుకుంది. "తాళాలో?" అంది.

"తాళాలా?" అన్నారు వాళ్ళు.

"ముడి విప్పి తాళం వేసుకుంటే ఏం లాభం? దారి తెరుచుకోవద్దా? పోండి! పెట్టెలు, బీరువాలు, భోషాణాలు, అన్నీ తెరవండి!"

మళ్ళీ తోసుకుంటూ పోయారు. లింగమ్మ మొగుడొక్కడు గుమ్మం పట్టుకుని నిలబడి ఏడుస్తున్నాడు. వాడికి విప్పడానికి ముడి లేదు, తెరవడానికి తాళం లేదు. నాంచారు వాణ్ణి చూసి కసిరింది కానీ, కసిరే ముందు ఒక్క క్షణం ఆలోచించింది.

"ఏరా, నీ మగ్గం ఈ గోడకి అవతలేగా? పోయి కూచుని నెయ్యి. నీ మగ్గం చప్పుడు దానికి వినపడాలి. నువ్వు యాడున్నావో దానికి తెలవాలి. చప్పుడు ఆగిందంటే నీ సంగతి చెబుతా."

వాడు పోయి నేశాడు. గోడకి ఇవతల నొప్పి వచ్చినప్పుడల్లా లింగమ్మ మగ్గం చప్పుడు విన్నది. చెవిలో నాంచారు మాట విన్నది. "నేనున్నా. ఎక్కడికీ పోను." పొద్దువాలకముందే బిడ్డ పుట్టింది.

"తాళాల మహిమ!" అంది ఊరు.

ఈసారి నాంచారు ఊరుకోలేదు. "మహిమా లేదు, మన్నూ లేదు. మీరు గదిలోంచి పోయారు, బిడ్డ వచ్చింది" అని చెప్పింది. అందరూ నవ్వారు. నాంచారత్త హాస్యమాడుతోంది అన్నారు. చెప్పినా వినని మనుషులతో ఏం వేగుతాం?

ఇక మూడో సంగతి. ఇది జాగ్రత్తగా వినండి, ఇందులో ఒక పిల్ల ప్రాణం ఉంది.

ఆ పిల్ల పేరు మాణిక్యం. పేరయ్య, ఆదెమ్మల కోడలు. తొలికాన్పుకి పుట్టింటికి పంపాలి కదా, మాణిక్యానికి పుట్టిల్లు లేదు. తనని కన్న పురిట్లోనే తల్లి పోయింది. పెంచిన మేనత్త కూడా పోయింది. అందుకని అత్తింట్లోనే పురుడు. తన పొట్ట పెరిగేకొద్దీ ఆ పిల్లకి ఒకటే భయం, తనూ తన తల్లి దారినే పోతానేమోనని. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. కండెల కోసం వచ్చినప్పుడు నాంచారుకొక్కదానికే చెప్పింది.

"నా కాన్పుకి నువ్వొస్తావు కదా అత్తా?"

"వస్తా."

"వెనక కూచుంటావు కదా?"

"ఇంకేం చేతనైద్దే నాకు?" అని కసిరింది నాంచారు. కసిరి, మళ్ళీ, "వస్తానే పిచ్చిదానా, భయపడబాక" అంది.

ఆ భయంతోనే ఆ పిల్ల కొత్త పడుగు అతికింది. పాత పడుగు కొసలు మగ్గానికే ఉంటాయి, వాటికి కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని ముడేసి కలపాలి. కళ్ళు పోయే పని. పొట్ట అడ్డం వస్తున్నా కూచుని ఒక్కో పోగూ కలిపింది. ఆఖరి పోగు కలిపిన మర్నాడు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి.

ఆదెమ్మ చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు ఇంత చిరాకు వచ్చేది కాదు. తన ఇల్లు అందరి ఇళ్ళకన్నా ఒక మెట్టు పైన ఉండాలనుకునే మనిషి. నొప్పులు మొదలవగానే ఇంటిల్లిపాదినీ, చుట్టాలనీ పిలిచి, "మనింట్లో ఒక్క ముడి మిగలటానికి వీల్లేదు" అంది. తాళ్ళు విప్పారు. మూటలు విప్పారు. తాళాలు తీశారు. ఇంకేం మిగిలాయని చూస్తే మగ్గం మీద పడుగు కనపడింది. అబ్బో, దాన్నిండా ముడులే!

పేరయ్య అనుమానపడ్డాడు. "పడుగు జోలికి పోవాలంటావా?"

"కోడలు కావాలా పడుగు కావాలా?" అంది ఆదెమ్మ.

అంతమందీ మగ్గం చుట్టూ చేరి, ఆ పిల్ల కళ్ళు చిల్లులు పడేలా కలిపిన పోగులన్నీ విప్పి పారేశారు. ఏ ఊళ్ళోనూ ఎవరూ ఇట్లాంటి పని చెయ్యరు. చెయ్యాలంటే ఇంట్లో మగ్గం ఉండాలి, బుర్ర ఉండకూడదు.

అంతా అయ్యాక పేరయ్య కొడుకు వీరాస్వామి అడిగాడు. మాణిక్యం మొగుడు వాడే. "అమ్మా, నాంచారత్తని పిలుచుకురానా?"

"ఎందుకురా? వచ్చి ఏం చేసిద్ది? ముడులు విప్పమంటది, తాళాలు తియ్యమంటది. అవన్నీ మనమే చేశాంగా" అంది ఆదెమ్మ. అని, అందరితో కలిసి వచ్చి పురిటి గదిలో కూచుంది.

విన్నారా? నాంచారు ఆడిన చిన్న అబద్ధం నాంచారుకే అడ్డం తిరిగింది. ముడే పని చేస్తే మనిషెందుకు?

లోపల మాణిక్యం అడిగింది, "నాంచారత్త వచ్చిందా?" అని. రాలేదన్నారు. ఇంకో నొప్పి వచ్చిపోయాక మళ్ళీ అడిగింది. ఆమె అక్కర్లేదమ్మా, అన్నీ విప్పేశాం అన్నారు. మూడోసారి ఆ పిల్ల అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నొప్పి వచ్చినా అరవలేదు. నీళ్ళిస్తే తాగలేదు. చుట్టూ చేరినవాళ్ళు మాత్రం, పాపం ఎంత ఓర్పో, అని మెచ్చుకుంటున్నారు.

మంత్రసాని రోశమ్మ వీరాస్వామి చొక్కా పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది.

"బిడ్డ బాగానే ఉందిరా. తల్లే చల్లబడిపోతంది. అది బతకటం మానేసిందిరా. నాకున్నవి రెండు చేతులు, నేను ముందువైపు చూసుకుంటా. వెనకవైపు ఎవరు పడతారు? పరిగెత్తు! నాంచారుని తీసుకురా, లేకపోతే నేనూ పోతా మా ఇంటికి!"

వాడు పరిగెత్తాడు. నాంచారు రాట్నం తోసేసి, ఆ మోకాళ్ళతోనే వచ్చింది. దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చింది. గడప దాటి లోపల చూసింది. విరబోసుకున్న జుట్లతో గది నిండా జనం. మధ్యలో గోడ వైపు తిరిగి మాణిక్యం.

"ఇదేనా మీరు చేసింది?" అంది.

"అన్నీ విప్పాం వదినా" అంది ఆదెమ్మ, మెచ్చుకుంటుందేమోనని.

అప్పుడు నాంచారు నిజం చెప్పేసింది. అరిచి చెప్పింది, ఏడుస్తూ చెప్పింది. "ముడుల్లో ఏమీ లేదే తల్లీ! తాళాల్లో ఏమీ లేదు! అదంతా అబద్ధం. మిమ్మల్ని ఆ గదిలోంచి పంపించటానికి నేను కల్పించిన అబద్ధం! ఆ పిల్లకి కావాల్సింది ఒక్క మనిషి. అది నమ్మిన ఒక్క మనిషి. ఆ మనిషినే మీరు పిలవలేదు!"

ఆదెమ్మ నాంచారు వైపు చూసి, మెల్లగా తల ఊపింది.

"పెద్దోళ్ళు మర్మం బయటపెట్టరు" అంది పక్కనున్నామెతో.

అందరూ తలలూపారు. ఒక్కరూ లేవలేదు.

ఇదిగో, ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నాకు ఆ ఇంటివాళ్ళని తిట్టాలనిపిస్తుంది. ఎదురుగా పిల్ల పోతోంది. నిజం చెబితే నమ్మరు. మీరైతే ఏం చేస్తారు? నాంచారుకి తిట్టడానికి కూడా సమయం లేదు. పక్క గదిలో మగ్గం కనపడింది. పోగులు తెగిన జుట్టులా వేలాడుతున్నాయి. నాంచారు ఆ పోగుల వంక చూసింది. మాణిక్యం వీపు వంక చూసింది.

"సరే వదినా" అంది. గొంతు మార్చింది. "బిడ్డ దారి తెరిచారు, బాగానే ఉంది. మరి తల్లి ప్రాణాన్ని పట్టి ఉంచేదేంది? అన్నీ విప్పేస్తే అదీ జారిపోదా? చూడు ఎట్టా జారిపోతందో! ఆ పడుగు ఎవరు అతికారు? అదే కదా అతికింది? పోండి. ఇప్పుడే పోయి, ఆ పోగులన్నీ మళ్ళీ కలపండి. ఒక్క పోగు తప్పినా ఊరుకోను. పోగు కలిపేటప్పుడు మాట్లాడకూడదు. అందరూ పోవాలి."

తోసుకుంటూ పోయారు. మాట్లాడకుండా పోయారు.

వీరాస్వామి ఆగాడు. "నేనేం చెయ్యను అత్తా?"

"నువ్వొక్కడివే మాట్లాడు. నీ చేత్తో పోగు కలిపినప్పుడల్లా 'కలిసింది' అని గట్టిగా అను. ఈ పిల్లకి వినపడాలి."

నాంచారు గోడకీ మాణిక్యానికీ మధ్య చొరబడి కూచుంది. ఆ పిల్లని లేపి గుండెలకి ఆనించుకుంది. మాణిక్యం కళ్ళు తెరవలేదు.

"వచ్చానే. ఆలస్యమైంది. నన్ను పిలిస్తే కదా వాళ్ళు!" అంది నాంచారు.

చాలాసేపటికి మాణిక్యం పెదాలు కదిలాయి. "మళ్ళీ పోతావు."

నాంచారు తన కొంగు తీసింది. మాణిక్యం కొంగు తీసింది. రెండూ కలిపి గట్టిగా ముడేసింది. ఆ పిల్ల గుప్పిట్లో పెట్టింది.

"పట్టుకో. ఇట్టా ముడేసుకుని యాడికి పోతా? నేనున్నా. ఎక్కడికీ పోను."

పక్క గదిలోంచి వినపడింది. "కలిసింది."

మాణిక్యం వేళ్ళు ముడి మీద బిగుసుకున్నాయి.

"కలిసింది."

నొప్పి వచ్చింది. పొద్దున్నించీ అరవని పిల్ల అరిచింది. రోశమ్మ కళ్ళు తుడుచుకుని, "హమ్మయ్య, అరిచింది" అని ముందుకి వంగింది.

"కలిసింది."

అలా ఎన్ని పోగులో లెక్కలేదు. పొద్దు నెత్తి మీదకొచ్చింది, పొద్దు వాలింది. మధ్యలో ఆదెమ్మ, కోడలు ఎలా ఉందో చూద్దామని తలుపు తీసింది. కొంగుముడి చూసింది. "అయ్యయ్యో, ఇంకో ముడి మిగిలిపోయింది!" అని విప్పడానికి ఉరికింది.

"దాని మీద చెయ్యేశావంటే ఆ చెయ్యి విరగ్గొడతా వదినా!" అని నాంచారు అరిచిన అరుపు ఊరి చివరిదాకా వినపడిందట. ఆదెమ్మ తలుపు మూసింది. ఆ అరుపుకి మాణిక్యం నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పెద్ద నొప్పి వచ్చింది. దీపాలు పెట్టకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది, బిడ్డ బతికింది. పడుగు కూడా మళ్ళీ మగ్గానికి కలిసింది.

ఆ తరవాత చాలా ఏళ్ళు గడిచాయి. నాంచారు ఇంకా ముసలిదైంది, ఇంకా కోపిష్ఠిదైంది. ఒకనాడు రాట్నం దగ్గరే పడిపోయింది. ఇంక లేవదని అందరికీ తెలిసిపోయింది. నా అన్నవాళ్ళు లేరు కదా, ఊరే వచ్చింది. వచ్చి ఏం చేసింది? ఆమె గది నిండా కూచుంది.

ఒకళ్ళు కింద పడుకోబెట్టమంటారు. ఒకళ్ళు తల అటు తిప్పమంటారు. ఒకళ్ళు గొంతులో నీళ్ళు పొయ్యమంటారు. మధ్యలో ఒకావిడ తన మరిది ఎలా పోయాడో చెబుతోంది. నాంచారు కళ్ళు గదంతా వెతుకుతున్నాయి. వీపు వెనక గోడ, చల్లగా.

మాణిక్యం వచ్చింది. చంకలో చంటిదాన్ని వేసుకుని తిరిగే రోజులు పోయి, కూతురు తన ఎత్తుకి ఎదిగింది అప్పటికి. గుమ్మంలో నిలబడి గదిని చూసింది.

మర్యాదగా చెప్పింది, ఎవరూ కదల్లేదు. బతిమాలి చెప్పింది, కదల్లేదు. మూడోసారి అరవలేదు.

"ఊళ్ళో ముడులన్నీ అట్టాగే ఉంచి ఇక్కడ కూచున్నారేంది? ఆమె ప్రాణం సుఖంగా పోవద్దా? పోండి, విప్పి రండి!"

ఊరు ఊరంతా లేచి పరిగెత్తింది.

మాణిక్యం గోడకీ నాంచారుకీ మధ్య చొరబడి, కాళ్ళు చాపి, ముసలిదాన్ని గుండెలకి ఆనించుకుంది. తన కొంగూ ఆమె కొంగూ కలిపి ముడేసి గుప్పిట్లో పెట్టింది.

"ఏం చేస్తన్నావే?" అంది నాంచారు, కళ్ళు మూసుకునే.

"ఏం చెయ్యటంలా. వెనక కూచున్నా."

"వాళ్ళేరీ?" అంది నాంచారు.

"ముడులు విప్పటానికి పోయారు."

నాంచారు మొహం చిట్లించింది. "ఇంకా నమ్ముతున్నారంటే!" అంది. అని నవ్వింది. ఆమె ఆఖరి మాట అదే. దూరంగా ఒక్క మగ్గం ఆడుతోంది. మాణిక్యం చెవిలో చెబుతూనే ఉంది. "నేనున్నా. ఎక్కడికీ పోను." ఆ మధ్యాహ్నం నాంచారు నిద్రపోయినట్టు పోయింది.

జనం తిరిగొచ్చి కొంగుముడి చూసి, అది విప్పాలన్నారు. మాణిక్యం విప్పలేదు. తన కొంగు చివర చింపుకుంది. ఆ ముడి నాంచారుతోనే పోయింది. ఆ చిరుగు కొంగుతోనే మాణిక్యం తిరిగింది, ఎవరు అడిగినా దాచుకోలేదు. ఆ తరవాత ఊళ్ళో ఏ పిల్లకి నొప్పులొచ్చినా వెళ్ళి వెనక కూచుంది.

అందుకే ఇవాళ్టికీ మన వైపు పురుడంటే కొంగు ముడేస్తారు. నొప్పులు పడే పిల్ల ఎవరిని కావాలంటే వాళ్ళ కొంగుకే ముడెయ్యాలి. బిడ్డ పుట్టేదాకా ఆ ముడి ఎవరూ విప్పకూడదు. దాన్ని నాంచారు ముడి అంటారు. మొగుడు గోడ అవతల మగ్గంలో కూచుని నెయ్యాలి. ఊళ్ళో ఒక ముసలిది అరుగు మీద కూచుని, గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని, ఈ కథ చెప్పాలి. ఇవాళ ఆ ముసలిదాన్ని నేను.

కథ కండెకి చేరింది. అల్లుడుగారూ, విన్నారుగా? లేచి మగ్గంలో కూచోండి. చప్పుడు వినపడనివ్వండి.

ఏంటమ్మా? ఏంటి అడుగుతున్నావు? ఈ ఇంట్లో ముడులన్నీ విప్పారా అనా?

నేను ఇంతసేపూ ఎవరికి చెప్పినట్టు? గొంతు పోయేలా ఏం చెప్పినట్టు? ఇప్పటిదాకా విని, తలూపి, కళ్ళు తుడుచుకుని, ఆఖరికి ముడులు విప్పారా అంటావా?

విప్పలేదమ్మా. ఒక్కటీ విప్పలేదు. తాళాలు కూడా తియ్యలేదు. పోండి. అందరూ పోండి. నిదానంగా, ఒక్కటీ మిగలకుండా విప్పి రండి.

పోయారు. నాంచారత్తా, ఇంకా నమ్ముతున్నారు.

అరుగు ఖాళీ అయింది. మగ్గం మొదలైంది. ఇప్పుడు లోపలి మాట వినపడుతోంది. ఎవరో మెల్లగా చెబుతున్నారు.

"నేనున్నా. ఎక్కడికీ పోను."